మైగ్రేన్: అమ్మ నుంచి వచ్చిందా, మనం తెచ్చుకున్నదా?

నీలిమేఘం
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాసింది లేదు. ఈసారి అడగక తప్పడం లేదు.

మా అమ్మకి మైగ్రేన్. పెళ్లికి ముందు నుంచీ ఉందట, యాభై దాటాక తగ్గింది. నాకు పదో తరగతిలో మొదలైంది. కుడి కణత దగ్గర పట్టుకుందంటే ఆ పూటకి నేను మనిషిని కాను. వెలుతురు పడదు, సబ్బు వాసన కూడా పడదు, వాంతి అయితే గానీ తెరిపి ఉండదు. మా చెల్లెలికి మాత్రం ఏమీ లేదు. ఇద్దరం ఒక్క కడుపున పుట్టినవాళ్లమే.

ఇప్పుడు మా పాపకి తొమ్మిదేళ్లు. అప్పుడప్పుడూ బొడ్డు చుట్టూ నొప్పి అంటుంది. మొహం పాలిపోతుంది, తిన్నది కక్కేస్తుంది, నిద్రపోయి లేచాక ఏమీ జరగనట్టే ఆడుకుంటుంది. కడుపు స్కాన్‌లో ఏమీ లేదన్నారు. కారెక్కితే వాంతులు చిన్నప్పటి నుంచీ ఉన్నవే. తలనొప్పి అని మాత్రం ఎప్పుడూ అనలేదు. అయినా ఆ పాలిపోయిన మొహం చూస్తే నాకు భయం.

అత్తగారేమో "మీ పుట్టింటి జబ్బు" అంటారు. మావారేమో "నువ్వు ప్రతిదానికీ టెన్షన్ పడతావు, అందుకే నీకు తలనొప్పి. నిన్ను చూసి దానికి కడుపునొప్పి" అంటారు. ఒకరి లెక్కలో రక్తం తప్పు, ఇంకొకరి లెక్కలో నా బుద్ధి తప్పు. అసలు దీంట్లో వంశం వాటా ఎంత, మన వాటా ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.


కణతలు
సోమవారం, రాత్రి 9:58

మీవారి డైలాగ్ మా ఇంట్లోనూ నడుస్తుందండీ, అక్షరం తేడా లేదు. ఫాలో అవుతున్నా.


జన్యుచక్రం
సోమవారం, రాత్రి 11:25

నీలిమేఘం గారూ, నేను జన్యుశాస్త్రం చదువుతున్నాను, డాక్టర్ని కాదు. వంశం సంగతి వరకూ చెప్పగలను.

మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుందన్నది నిజమే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఇంచుమించు సగమని, ఇద్దరికీ ఉంటే నాలుగింట మూడు వంతులని సాధారణంగా చెప్పే లెక్క. వంశం పాత్ర ఎంతో తేల్చడానికి ఎక్కువగా పనికొచ్చింది కవలల మీద చేసిన పరిశీలనలు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఇద్దరికీ మైగ్రేన్ ఉండటం, వేర్వేరు అండాల కవలల్లో కంటే బాగా ఎక్కువ. రెండు రకాల కవలలూ జంటగా ఒకే ఇంట్లో పెరిగినవాళ్లే కాబట్టి, ఆ తేడాని జన్యువుల ఖాతాలో వేస్తారు. అలా చూస్తే వంశపారంపర్యం వాటా 40 నుంచి 50 శాతం దగ్గర తేలుతుంది.

ఇక్కడే ఒక మెలిక. 45 శాతం అంటే మీ తలనొప్పిలో అంత భాగం అమ్మది, మిగతాది మీది అని కాదు. జనంలో కొందరికి వచ్చి కొందరికి రాకపోవడంలో ఉన్న తేడాని జన్యువులు ఎంతవరకు వివరిస్తాయన్నదే ఆ అంకె. దాన్ని ఒక్క మనిషికి అంటగట్టడం కుదరదు. పైగా మిగతా సగం అంతా "అలవాట్లు" కూడా కాదు. హార్మోన్లు, తలకు తగిలిన దెబ్బలు, ఇతర జబ్బులు, వట్టి యాదృచ్ఛికం, అన్నీ అందులోనే పడతాయి.

ఇంకోటి, "మైగ్రేన్ జన్యువు" అంటూ ఒకటి లేదు. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మైగ్రేన్ ఉన్న లక్ష మందికి పైగా డీఎన్‌ఏని, లేని ఏడు లక్షల మందికి పైగా డీఎన్‌ఏతో పోల్చారు. 123 చోట్ల తేడాలు దొరికాయి. ఒక్కొక్కటి పెంచే ముప్పు అతి స్వల్పం. ఎవరికి ఎన్ని పడ్డాయి, ఏవి పడ్డాయి అన్నదే విషయం. మీకూ మీ చెల్లెలికీ అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వచ్చినా ఆ సగాలు ఒకటి కావు. ఆవిడకి లేకపోవడంలో వింతేమీ లేదు.

"పుట్టింటి జబ్బు" సంగతి కూడా చెప్పాలి. ఆ తేడాల్లో చాలావరకు అందరిలోనూ తలా కొన్ని ఉండేవే. మీ పాపకి నాన్న వైపు నుంచి, అంటే మీ అత్తగారి వైపు నుంచి కూడా కొన్ని వచ్చే ఉంటాయి. ఇది ఆవిడకి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం :)


పాతకాపు
మంగళవారం, ఉదయం 6:15

వంశం వంశం అంటారు గానీ మా ఇంట్లో ఏడు తరాల్లో ఎవరికీ లేదు. నాకే ఉంది. ఎడమ కన్ను వెనక నుంచి మొదలై సాయంత్రానికి వాంతులు. దీనికేమంటారు?


తెల్లకోటు
మంగళవారం, మధ్యాహ్నం 1:50

నేను నరాల డాక్టర్ని. ఇక్కడ చెప్పేది సాధారణ సమాచారం మాత్రమే, ఎవరి జబ్బునీ ఇక్కడ నిర్ధారించను.

పాతకాపు గారూ, "మీ ఇంట్లో ఎవరికైనా మైగ్రేన్ ఉందా" అని అడిగితే నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది లేదనే అంటారు. ప్రశ్న మారిస్తే జవాబు మారుతుంది. "వాంతులతో కూడిన తలనొప్పి ఎవరికైనా వచ్చేదా? తలుపులేసుకుని పడుకునేవాళ్లా? బస్సు ప్రయాణం పడనివాళ్లు ఉన్నారా?" అని అడిగి చూడండి. పాతవాళ్లు దాన్ని పైత్యం అన్నారు, సైనస్ అన్నారు, కళ్లజోడు మార్చుకోవాలన్నారు. సైనస్ తలనొప్పి అని తమకు తామే చెప్పుకున్న 2,991 మందిని పరిశీలించిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. అందులో 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలే.

మగవాళ్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. వాళ్లకి తక్కువగా వస్తుంది, వచ్చినా డాక్టర్ దాకా రారు. దాంతో అమ్మ వైపు నుంచే వస్తుందని అందరికీ అనిపిస్తుంది. నాన్న వైపు నుంచీ వస్తుంది.

అలాగని ప్రతి ఒక్కరికీ ఇంట్లో ఇంకెవరో ఉండి తీరాలనీ లేదు. నిజంగానే ఒక్కరికే ఉండటం కూడా చూస్తాం.


పాతకాపు
మంగళవారం, రాత్రి 8:30

నాన్నని అడిగాను. "నాకు మైగ్రేనూ లేదు గియ్‌గ్రేనూ లేదు. వయసులో ఉన్నప్పుడు ఎండలో తిరిగితే తల సగం పగిలిపోయేది, వాంతయ్యేది, దుప్పటి ముసుగేసుకుని పడుకుంటే పొద్దుటికి పోయేది, అంతే" అన్నారు.

అంతేనట.


కణతలు
మంగళవారం, రాత్రి 8:34

😂😂 ఇక మిగిలింది ఆరు తరాలు.


రాత్రిడ్యూటీ
బుధవారం, ఉదయం 7:05

కవలల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేనూ మా తమ్ముడూ అచ్చుగుద్దినట్టుండే కవలలం. వాడు నాకంటే పది నిమిషాలు చిన్న. నాకు నెలలో సగం రోజులు తలనొప్పి, వాడికి ఏడాదికి ఒకటో రెండో. జన్యువులే కారణమైతే ఇద్దరికీ ఒకేలా ఉండాలి కదా? తేడా ఏంటంటే నేను షిఫ్టుల్లో పని చేస్తాను, వాడు రాత్రి పదికల్లా పడుకుంటాడు. ఇంకో విచిత్రం, డ్యూటీ నడుస్తున్నన్నాళ్లూ ఎలాగో లాగేస్తాను. సెలవు రోజు మధ్యాహ్నం దాకా పడుకుని లేస్తే, అప్పుడు వస్తుంది అసలుది.


తెల్లకోటు
బుధవారం, మధ్యాహ్నం 2:20

మీ ఇద్దరి కథలో రెండు సంగతులూ ఉన్నాయి. తమ్ముడికి ఏడాదికి ఒకటి రెండైనా వస్తున్నాయి చూడండి, అది వంశం. అతనికి రెండు, మీకు అన్ని రావడం తర్వాతి జీవితం. ఒకే అండం కవలల్లో కూడా ఒకరికి ఉండి రెండోవారికి అసలే లేని జంటలు బోలెడు.

వంశం మనకిచ్చేది తలనొప్పిని కాదు, తలనొప్పికి తొందరగా లొంగే మెదడుని. గడప ఎత్తు తక్కువున్న ఇంట్లోకి చిన్న వానకే నీళ్లు వస్తాయి, ఎత్తున్న ఇంట్లోకి పెద్ద వానకి గానీ రావు. గడప ఎత్తు పుట్టుకతో వచ్చింది. వాన మాత్రం నిద్ర, తిండి వేళలు, హార్మోన్లు, ఒత్తిడి, మాత్రల వాడకం.

ఈ "తొందరగా లొంగే మెదడు" అన్నది మాటవరసకి అన్నది కాదు, ప్రయోగశాలలో కొలిచినది. ఒకే బొమ్మని కళ్ల ముందు పదేపదే మార్చి చూపిస్తుంటే మామూలు మెదడు స్పందన క్రమంగా తగ్గిపోతుంది, అలవాటు పడిపోతుంది. మైగ్రేన్ ఉన్న చాలామందిలో, తలనొప్పి లేని రోజున కూడా, ఆ తగ్గడం సరిగా జరగదు. ప్రతిసారీ కొత్తగానే తీసుకుంటుంది. ఫ్యాన్ చప్పుడు, మిణుకుమనే ట్యూబ్‌లైటు మీకు మాత్రమే ఇబ్బందిగా ఉండటానికి అది ఒక కారణం. ఇలాంటి మెదడుకి మార్పు పడదు. నిద్ర తక్కువైనా పడదు, ఎక్కువైనా పడదు. టెన్షన్ పెరిగినప్పుడే కాదు, ఒక్కసారిగా దిగినప్పుడు కూడా దాడి వస్తుంది. మీ సెలవు రోజు తలనొప్పి ఆ బాపతుదే కావచ్చు. రోజూ తాగే కాఫీ ఆ రోజు ఆలస్యం కావడం కూడా తోడై ఉండొచ్చు, గమనించండి.

సెలవు రోజున కూడా లేచే వేళ మరీ జరపకండి. షిఫ్టుల ఉద్యోగంలో ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు.


సూటిమాట
బుధవారం, సాయంత్రం 5:45

డాక్టర్ గారు మెత్తగా చెప్తున్నారు, నేను సూటిగా చెప్తా. నాకు తెలిసిన మైగ్రేన్ వాళ్లందరూ ఒకే అచ్చు. అన్నీ పద్ధతిగా ఉండాలి, ప్రతి చిన్నదీ మనసులో పెట్టుకుంటారు, ఎవరి మీదా భారం వేయరు. స్వభావం మారితే తలనొప్పి పోతుంది. నీలిమేఘం గారి భర్త చెప్పినదాంట్లో తప్పేముంది?


కణతలు
బుధవారం, సాయంత్రం 6:02

సూటిమాట గారూ, మా అన్నయ్య గది చూస్తే మీ సిద్ధాంతం అక్కడే చచ్చిపోతుంది. పద్ధతికీ వాడికీ ఆమడ దూరం. మైగ్రేన్ మాత్రం నాకంటే ఎక్కువ. మీకు తెలిసిన "అందరూ" ఎంతమంది?


జన్యుచక్రం
బుధవారం, రాత్రి 10:10

"మైగ్రేన్ స్వభావం" అన్నది కొత్త మాట కాదు. 1930లలో హెరాల్డ్ వోల్ఫ్ అనే అమెరికన్ డాక్టర్ తన దగ్గరికొచ్చిన రోగుల్ని చూసి, వీళ్లు పట్టుదల ఎక్కువున్నవాళ్లు, అన్నీ పొందికగా ఉండాలనేవాళ్లు అని రాశాడు. తలనొప్పి పరిశోధనలో ఆయన పెద్ద పేరు కాబట్టి ఆ మాట దశాబ్దాల పాటు నిలిచింది. చిక్కేమిటంటే, ఆ రోజుల్లో తలనొప్పి కోసం నిపుణుడి దాకా వచ్చేది ఎవరు? డబ్బూ, తీరికా, పట్టుదలా ఉన్నవాళ్లే. ఇంట్లో పడుకున్నవాళ్లు ఆయన లెక్కలోకి రానేలేదు. తర్వాత మామూలు జనం మధ్యకి వెళ్లి చేసిన పరిశీలనల్లో అలాంటి ప్రత్యేక స్వభావం ఏదీ నిలవలేదు.

నిలిచింది వేరే ఒకటి ఉంది. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఆందోళన, డిప్రెషన్ మిగతావాళ్లకంటే ఎక్కువ. కానీ అది రెండు వైపులా నడుస్తుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లకి తర్వాత మైగ్రేన్ రావచ్చు, మైగ్రేన్ ఉన్నవాళ్లకి తర్వాత డిప్రెషన్ రావచ్చు. రెండింటికీ కొన్ని జన్యువులు ఉమ్మడి. మరి "టెన్షన్ వల్లే తలనొప్పి" అని ఒక వైపే ఎందుకు చెప్తారు? ఎప్పుడొచ్చి పడుతుందో తెలియని నొప్పితో బతికే మనిషికి టెన్షన్ ఉండదా?


సూటిమాట
బుధవారం, రాత్రి 10:31

సరే, కారణం కాదనుకుందాం. కానీ ట్రిగ్గర్లు, అంటే దాడిని రేపేవి, వ్యక్తి చేతిలోనివే కదా. నా సహోద్యోగికి చాక్లెట్ తింటే వస్తుంది. తెలిసీ తింటుంది. అది ఎవరి తప్పు?


తెల్లకోటు
గురువారం, మధ్యాహ్నం 1:15

సూటిమాట గారి ప్రశ్నకి కొంచెం వివరంగా చెప్తాను. ఎందుకంటే ఈ చాక్లెట్ దగ్గరే చాలామంది ఏళ్ల తరబడి తమని తాము తిట్టుకుంటుంటారు.

మైగ్రేన్ దాడి నొప్పితో మొదలవదు. కొందరిలో నొప్పికి కొన్ని గంటల ముందు, మరికొందరిలో ఒకటి రెండు రోజుల ముందే మెదడులో మొదలైపోతుంది. ఆవులింతలు ఆగవు, మెడ బిగుస్తుంది, చిరాకు వస్తుంది, మాటిమాటికీ మూత్రానికి వెళ్తారు, వెలుతురు ఇబ్బంది పెడుతుంది. తీపి మీదకి మనసు లాగుతుంది. అప్పుడు చాక్లెట్ తింటారు. ఆ సాయంత్రం నొప్పి వస్తుంది. నింద చాక్లెట్ మీద పడుతుంది. నిజానికి చాక్లెట్ తినబుద్ధి కావడమే దాడి మొదలైందనడానికి గుర్తు కావచ్చు. చాక్లెట్‌నీ, రుచిలో తేడా తెలియకుండా చేసిన వేరే పదార్థాన్నీ ఏది ఏదో ఎవరికీ చెప్పకుండా తినిపించి 1997లో పరీక్షించినప్పుడు, తలనొప్పి తెప్పించడంలో రెండింటికీ తేడా కనపడలేదు.

మెడనొప్పి కూడా ఇంతే. "దిండు సరిగా లేక మెడ పట్టేసింది, అందుకే తలనొప్పి" అని దిండ్లు మార్చేవాళ్లు ఎందరో.

2013లో డెన్మార్క్‌లో ఇంకో పరీక్ష చేశారు. ఆరా (నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, తిమ్మిరి లాంటివి) ఉన్న మైగ్రేన్ రోగులు 27 మంది, తీవ్రమైన వెలుతురో కష్టమైన వ్యాయామమో తమకి దాడి తెప్పిస్తుందని నమ్మేవాళ్లు. వాళ్లకి అదే వెలుతురు చూపించారు, అదే వ్యాయామం చేయించారు. ఆరాతో దాడి వచ్చింది ముగ్గురికి. మరో ముగ్గురికి ఆరా లేకుండా వచ్చింది. మిగతావాళ్లకి ఏమీ రాలేదు. ట్రిగ్గర్లు అబద్ధం అని దీనర్థం కాదు. ఒక్క కారణం ఒంటరిగా చాలాసార్లు చాలదు. నిద్ర తక్కువైన రోజున, భోజనం తప్పిన పూట, నెలసరికి ముందు రోజు అదే వెలుతురు పడితే వస్తుంది, మరో రోజు రాదు.

కాబట్టి అది తినకు, ఇది ముట్టకు అని జాబితా పెంచుకుంటూ పోవడం నేను చెప్పను. జాబితా పెరిగేకొద్దీ మనిషికి బతుకు ఇరుకవుతుంది, తలనొప్పి మాత్రం పెద్దగా తగ్గదు. గట్టి ఆధారం ఉన్నవి కొన్నే: భోజనం మానేయడం, నిద్ర గాడి తప్పడం, ఒత్తిడి ఎక్కి దిగడం, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను పడిపోవడం, కొందరికి మద్యం, కాఫీ మరీ ఎక్కువవడం లేదా ఉన్నట్టుండి మానేయడం.


కణతలు
గురువారం, మధ్యాహ్నం 1:40

ఆవులింతల సంగతి చదివి ఒళ్లు జలదరించింది. నేను ఆఫీసులో వరసగా ఆవులిస్తుంటే పక్క సీటమ్మాయి "రేపు సెలవా?" అని అడుగుతుంది. తనకి తెలిసింది, నాకు తెలియలేదు.


అర్ధచంద్ర
గురువారం, సాయంత్రం 4:50

హార్మోన్ల మాట ఎవరూ గట్టిగా ఎత్తడం లేదు. నాకు డేట్‌కి రెండు రోజుల ముందు కచ్చితంగా వస్తుంది, మాత్రకి కూడా లొంగదు. కడుపుతో ఉన్నప్పుడు నాలుగో నెల నుంచి మాయమైంది, పండంటి రోజులు అవి. కాన్పయిన వారంలోనే తిరిగొచ్చింది. మా అమ్మమ్మకీ ఇంతేనట. ఇది వంశమా, హార్మోనా?


తెల్లకోటు
గురువారం, రాత్రి 9:05

రెండూనండీ. చిన్నపిల్లల్లో మైగ్రేన్ మగపిల్లలకీ ఆడపిల్లలకీ దాదాపు సమానంగా ఉంటుంది. రజస్వల అయ్యాక లెక్క మారిపోతుంది, పెద్దల్లో మగవాళ్లకంటే ఆడవాళ్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ. జన్యువులు మారలేదు, వాటి మీద పనిచేసే హార్మోను మారింది. ఇబ్బంది పెట్టేది ఈస్ట్రోజెన్ ఉండటం కాదు, అది ఒక్కసారిగా పడిపోవడం. నెలసరి ముందు పడిపోతుంది, కాన్పయ్యాక ఇంకా ఎక్కువగా పడిపోతుంది. గర్భంలో స్థిరంగా ఎక్కువగా ఉంటుంది కాబట్టి చాలామందికి ఉపశమనం. ముట్లుడిగే ముందు కొన్నేళ్లు ఎగుడుదిగుడుగా ఉండి దాడులు పెరగొచ్చు, ఆగిపోయాక చాలామందికి తగ్గుతాయి. నీలిమేఘం గారి అమ్మగారికి జరిగింది అదే కావచ్చు. మీ తేదీలు అంత క్రమంగా ఉంటే, ఆ కొద్ది రోజులకే ముందుజాగ్రత్తగా మందు వాడే పద్ధతి ఉంది, అడగండి.

ఆడవాళ్లకి ఒక్క మాట గట్టిగా చెప్తాను. నొప్పికి ముందు కళ్ల ముందు మెరుపు గీతలు, వంకరటింకర అంచుతో పెరిగే మసక, చేతిలో తిమ్మిరి పాకడం, వీటిని ఆరా అంటారు. ఐదు నిమిషాల నుంచి గంట లోపు ఉంటాయి. ఆరా ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. పొగతాగే అలవాటు తోడైతే మరీ ప్రమాదం. మాత్రలు రాసే డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. అలాగే పిల్లల కోసం చూస్తున్నవాళ్లు మైగ్రేన్‌కి వాల్‌ప్రోయేట్ గానీ టోపిరమేట్ గానీ వాడుతుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, అవి బిడ్డకి హాని చేస్తాయి.


ఎడమచెయ్యి
గురువారం, రాత్రి 11:50

జన్యుచక్రం గారు "ఒక్క జన్యువు లేదు" అన్నారు. మా ఇంట్లో ఉంది. నాన్నకీ, నాకూ, మా అక్క కొడుక్కీ దాడి వచ్చినప్పుడు ఒక వైపు చెయ్యి, కాలు సచ్చుబడిపోతాయి. మాట తడబడుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు గ్లాసు పట్టుకున్న చెయ్యి నాది కాదన్నట్టు జారిపోయింది. పక్షవాతమని ఆసుపత్రికి పరిగెత్తారు. స్కాన్లన్నీ బాగానే ఉన్నాయి, మర్నాటికి చెయ్యి మామూలైపోయింది. కుటుంబ చరిత్ర మొత్తం అడిగి రక్తం పరీక్షకి పంపితే తేలింది.


జన్యుచక్రం
శుక్రవారం, ఉదయం 9:20

మీది అరుదైన రకం, వంశపారంపర్య హెమిప్లెజిక్ మైగ్రేన్. దానికి మాత్రం ఒక్కో కుటుంబంలో ఒక్కో జన్యువు చాలు. 1996లో 19వ క్రోమోజోమ్ మీద సీఏసీఎన్‌ఏ1ఏ అనే జన్యువు దొరికింది. ఆ తర్వాత 2003లో ఏటీపీ1ఏ2, 2005లో ఎస్‌సీఎన్‌1ఏ. మూడూ మెదడు కణాల్లోకీ బయటికీ కాల్షియం, సోడియం, పొటాషియం రాకపోకల్ని నడిపేవే. అక్కడ లోపం ఉంటే మెదడు పొర మీద ఒక విద్యుత్ అల తేలిగ్గా పుట్టి, నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతుంది. 1944లో లియావో అనే బ్రెజిల్ శాస్త్రవేత్త కుందేళ్ల మెదడులో కనిపెట్టిన అల అది. మామూలు ఆరాకి కూడా అదే మూలమని అంటారు. తిమ్మిరి వేళ్ల నుంచి మోచేతికి, అక్కడి నుంచి పెదవికి మెల్లగా పాకడం ఆ అల నడక వల్లే.

ఈ రకంలో బిడ్డకి ఆ జన్యులోపం అందే అవకాశం సరిగ్గా సగం. జన్యుపరీక్షకి అర్థం ఉన్నది ఇలాంటి కుటుంబాల్లోనే. మామూలు మైగ్రేన్‌కి బజార్లో అమ్మే డీఎన్‌ఏ పరీక్షలు చేయించుకుని ఎవరూ డబ్బు తగలేసుకోకండి.


నిర్వాహకులు
శుక్రవారం, ఉదయం 10:00

ఎడమచెయ్యి గారి అనుభవం చదివి "మనదీ మైగ్రేనే అయ్యుంటుంది" అని ఎవరూ ఇంట్లో కూర్చోవద్దు. మొదటిసారి చెయ్యీకాలూ పడిపోయినా, మాట పోయినా, క్షణాల్లో పిడుగు పడ్డట్టు భరించలేని తలనొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పినీ, గర్భిణుల్లో కొత్తగా వచ్చిన తలనొప్పినీ ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. ఇంట్లో ఎంతమందికి మైగ్రేన్ ఉన్నా ఇది వర్తిస్తుంది.


రాత్రిడ్యూటీ
శుక్రవారం, రాత్రి 8:15

డాక్టర్ గారూ, ఇంకోటి అడగాలి. డ్యూటీలో నిలబడాలంటే నొప్పి మాత్ర వేసుకోక తప్పదు. ఈ మధ్య వస్తుందేమోనన్న అనుమానంతోనే ముందే వేసేసుకుంటున్నా. తమ్ముడికీ నాకూ తేడా ఇదే అయ్యుంటుందా?


తెల్లకోటు
శుక్రవారం, రాత్రి 9:30

అయ్యుండే అవకాశం బాగా ఉంది. మీరు మొదట "నెలలో సగం రోజులు" అన్నప్పుడే నాకు ఆ అనుమానం వచ్చింది. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు లేదా అంతకు మించి, ట్రిప్టాన్లు (మైగ్రేన్ కోసమే వాడే మాత్రలు) గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్రలు గానీ 10 రోజులు లేదా అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే, మాత్రే తలనొప్పిని పెంచుతుంది. మైగ్రేన్ ధోరణి ఉన్నవాళ్లకే ఇది ఎక్కువగా జరుగుతుంది. కీళ్లనొప్పికి అవే మాత్రలు రోజూ వాడే, మైగ్రేన్ లేని మనిషికి సాధారణంగా ఈ తంటా రాదు. వంశమూ అలవాటూ ఎంతగా పెనవేసుకుంటాయో దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అప్పుడప్పుడు వచ్చే మైగ్రేన్ నెలకు 15 రోజుల రకంగా మారడానికి మాత్రలతో పాటు బరువు పెరగడం, గురక, డిప్రెషన్ కూడా దోహదం చేస్తాయి. ఏటా వందలో ముగ్గురు దాకా ఇలా మారుతుంటారు. ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవే, తిరిగి వెనక్కి రావచ్చు. మీరు మాత్ర ఉన్నట్టుండి సొంతంగా ఆపకండి, మందుని బట్టి ఆపే పద్ధతి మారుతుంది. దాడులు రాకుండా రోజూ వేసుకునే ప్రొప్రనలాల్ లాంటి మందులున్నాయి. 2018 నుంచి మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. షిఫ్టు మార్చమని ఉద్యోగంలో అడగడానికి డాక్టర్ చీటీ కూడా ఒక మందే అనుకోండి.


జన్యుచక్రం
శుక్రవారం, రాత్రి 9:48

సీజీఆర్‌పీ మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క: 2022 అధ్యయనంలో తేలిన 123 చోట్లలో ఒకటి సరిగ్గా సీజీఆర్‌పీని తయారుచేసే జన్యువుల దగ్గరే ఉంది. మందు వేరే దారిలో ముందే వచ్చింది, జన్యుశాస్త్రం తర్వాత అక్కడికే చేరింది. ఆ మందుకి దారి వేసిన నలుగురు శాస్త్రవేత్తలకి 2021లో మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.


సూటిమాట
శనివారం, ఉదయం 11:20

చాక్లెట్ సంగతి మా సహోద్యోగికి పంపించా. "ఇన్నాళ్లూ నన్ను తిట్టింది నువ్వే కదా" అంది. అయినా నా మాట ఒకటి మిగిలే ఉంది. వేళకి తినడం, వేళకి పడుకోవడం మనిషి చేతిలో పనే.


అర్ధచంద్ర
శనివారం, ఉదయం 11:41

చంటిబిడ్డ తల్లి చేతిలోనా? నైట్ షిఫ్టు మనిషి చేతిలోనా? చెప్పండి సూటిమాట గారూ, వేళకి పడుకుంటాం.


నీలిమేఘం
మరుసటి నెల, ఆదివారం, సాయంత్రం 6:10

అందరికీ పెద్ద థాంక్స్. పాపని పిల్లల నరాల డాక్టర్‌కి చూపించాం. కడుపులో వచ్చే మైగ్రేన్ కావచ్చు అన్నారు. పిల్లల్లో ఇలా బొడ్డు చుట్టూ నొప్పి, పాలిపోవడం, వాంతులతో మొదలవుతుందట. చాలామందిలో పెద్దయ్యాక మామూలు మైగ్రేన్‌గా మారుతుందట, కొందరిలో పూర్తిగా పోతుందట. నా చరిత్ర, అమ్మ చరిత్ర, కారులో వాంతులు అన్నీ రాసుకున్నారు. ఇంటి చరిత్ర తెలియడం వల్లే అనవసరమైన పరీక్షలు కొన్ని తప్పాయన్నారు.

మందులు ఇప్పుడే వద్దన్నారు. పొద్దున ఏమీ తినకుండా బడికి వెళ్లడం మానిపించమన్నారు, సెలవుల్లో కూడా నిద్ర వేళ మార్చవద్దన్నారు, దాడి వచ్చినప్పుడు చీకటి గదిలో పడుకోబెట్టమన్నారు. "అబద్ధం ఆడుతోంది అని మాత్రం ఎవరూ అనకండి" అని మావారి వైపు చూసి చెప్పారు. నేనేమీ అనలేదు.

నోట్‌బుక్‌లో రాస్తున్నాం. నొప్పికి ముందు రోజు సాయంత్రం పాప బాగా చిరాకు పడటం, హోంవర్క్ చేయనని ఏడవడం రెండుసార్లు కనిపించింది. అది చూసి మావారు "హోంవర్క్ టెన్షన్ వల్లే" అన్నారు. తెల్లకోటు గారు రాసిన చాక్లెట్ పేరా చదవమని ఫోన్ చేతికిచ్చాను.

ఒక ప్రశ్న. బడిలో చెప్పాలా? చెప్తే దాన్ని రోగిష్టి పిల్లలా చూస్తారేమో అని వెనకాడుతున్నా.


కణతలు
ఆదివారం, సాయంత్రం 6:25

చెప్పండి. నా చిన్నప్పుడు బడిలో ఎవరికీ చెప్పలేదు. లెక్కల పీరియడ్ ఎగ్గొట్టడానికి నాటకాలని టీచర్ బెంచీ మీద నిలబెట్టారు, అక్కడే కక్కాను.


తెల్లకోటు
ఆదివారం, రాత్రి 9:15

చెప్పండి. డాక్టర్ గారి చేత నాలుగు వాక్యాల కాగితం రాయించి క్లాస్ టీచర్‌కి ఇవ్వండి: ఇది ఏమిటి, వచ్చినప్పుడు ఎక్కడ పడుకోబెట్టాలి, ఎవరికి ఫోన్ చేయాలి, నీళ్ల సీసా దగ్గర ఉంచుకోనివ్వాలి. ఆటల నుంచి మాత్రం తప్పించమని అడగకండి, ఆడుకోనివ్వండి. నోట్‌బుక్‌లో చిరాకుతో పాటు ఆవులింతలు కూడా రాయండి. తర్వాతిసారి చూపించేటప్పుడు అది పట్టుకెళ్లండి.


అర్ధచంద్ర
ఆదివారం, రాత్రి 9:32

నీలిమేఘం గారూ, ఆ నోట్‌బుక్‌లో ఏమేం గడులు గీశారో ఫోటో పెట్టగలరా? మావాడికి ఏడేళ్లు, వాడికీ మొదలుపెడదామని.